మూడు నీలం మొక్కలు

పొద్దున్నే తలుపు తీసేసరికి గున్వోర్‌కు వాకిట్లో మూడు గుంటలు కనిపించాయి.

మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తుఫాను టోపీ మొక్కలు మూడూ మాత్రం లేవు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

గున్వోర్ స్వీడన్‌లోని కాల్మార్‌లో బస్సు నడుపుతుంది. ఈ ఇల్లు కొనుక్కున్న మొదటి చలికాలమంతా రంగు పెన్సిళ్ళు ముందేసుకుని ఆ చిన్న వాకిలికి బొమ్మ గీసింది. కంచె వెంట వెండి రంగు ఆకులు. వాటి వెనక వంకాయ రంగు ఆకులు, మధ్యమధ్య నిమ్మపండు పసుపు. అన్నిటికీ వెనక, తెల్లగోడను ఆనుకుని, నిలువెత్తు తుఫాను టోపీలు. టోపీల్లా వంగే ఆ ముదురు నీలం పూలు లేకపోతే తక్కిన రంగులన్నీ వెలవెలబోతాయి.

జూలై రెండో ఆదివారం ఆ వీధిలో తోటలన్నీ తెరిచి ఉంచుతారు. ఊరంతా చూడటానికి వస్తుంది. ‘నీ చేతిలో ప్లాస్టిక్ పువ్వు కూడా బతకదు’ అని వెళ్ళిపోయిన మొగుడు కూడా రావచ్చు.

గుంటలు ఎవరి పనో ఆమెకు తెలుసు.

వారం కిందట నల్లకోటు ముసలాయన ఒకడు కంచె దగ్గర ఆగాడు.

“ఇంట్లో పిల్లలున్నారా అమ్మా?”

“లేరు. ఉంటే మీకేం?”

“ఆ వెనక మొక్కలు తీసెయ్యండి. వేరు నుంచి పువ్వు దాకా విషం.”

“మా అమ్మమ్మ పెరట్లో నలభై ఏళ్ళున్నాయి. ఎవరూ చావలేదు.”

“మీ అమ్మమ్మ అదృష్టవంతురాలు” అని వెళ్ళిపోయాడు.

మర్నాడూ వచ్చి అదే మాట. ఆ మర్నాడూ అదే. నాలుగోరోజు ఆమె అతని మొహం మీదే తలుపేసింది.

ఇప్పుడు ఈ గుంటలు.

గున్వోర్ మొక్కల దుకాణానికి వెళ్ళి, అక్కడ మిగిలిన మూడు మొక్కలూ తెచ్చి మళ్ళీ నాటింది. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు కిటికీ తెర వెనక కాపు కాసింది.

మూడోరోజు ఆరు గంటలకే వచ్చాడు, చేతిలో గుడ్డసంచితో. కంచె తలుపు తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, వట్టి చేతులతో తవ్వసాగాడు. ఆమె బయటికి ఉరికేలోపు మూడు మొక్కలూ వేర్లు తెగి నేలమీద ఉన్నాయి.

“దొంగ వెధవా, సిగ్గులేదూ?”

ఆ కేకకు పక్కింటి మైబ్రిట్ నైట్‌గౌనులోనే బయటికొచ్చింది. ఎదురింటివాళ్ళు కిటికీలు తెరిచారు.

“అమ్మా, ఒక్కమాట. నేను ఎందుకు చెబుతున్నానంటే...”

“నీ మాట ఎవడిక్కావాలి? ఇది నా ఇల్లు, నా మట్టి. విషం పెట్టుకుంటా, బాంబు పెట్టుకుంటా. అడగడానికి నువ్వెవడివి?”

ఆమె కంచె తలుపు వైపు వేలు చూపించింది.

“ఇంకోసారి ఈ వీధిలో కనిపిస్తే పోలీసులకు పట్టిస్తా. వయసు కూడా చూడను.”

“సరేనమ్మా” అన్నాడు మెల్లగా. మట్టి కొట్టుకున్న చేతులు ముందుకు చాపాడు. “వీటి పసరు మంచిది కాదు. చేతులు కడుక్కోడానికి కాసిని నీళ్ళిస్తారా?”

“సముద్రం ఉందిగా. పోయి కడుక్కో.”

ఆయన చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నడుచుకుంటూ పోయాడు.

సంచి అక్కడే ఉండిపోయింది. గున్వోర్ దాన్ని కాలితో తన్నింది. మూడు నీలి గంటపూల మొక్కలు దొర్లిపడ్డాయి.

దుకాణంవాడు తుఫాను టోపీలు ఈ ఏడాదికి అయిపోయాయన్నాడు. ఆదివారానికి పదిరోజులే ఉంది. చచ్చినట్టు ముసలాడి మొక్కల్నే గుంటల్లో పెట్టింది. పెట్టినంతసేపూ తిడుతూనే ఉంది.

ఆదివారం మొగుడు రాలేదు గానీ ఊరు వచ్చింది. కంచె దగ్గర జనం గుమిగూడారు. వెండి, వంకాయ, పసుపు, వెనక నీలం. ఫొటోలు తీసుకున్నారు. గున్వోర్ అందరికీ కాఫీ పోస్తోంది.

ఇంతలో ఎవరో తల్లి కెవ్వుమంది.

రెండేళ్ళ పిల్ల గోడ దగ్గర కూర్చుని, గుప్పెడు నీలం పూలు నోట్లో కుక్కుకుని నములుతోంది.

కాఫీ కూజా గున్వోర్ చేతిలోంచి జారిపోయింది.

మైబ్రిట్ ముందు పరుగెత్తి పిల్ల నోట్లో వేలు పెట్టి చూసింది.

“కంగారు పడకండి. గంటపూలు. మేం సలాడ్‌లో వేసుకుంటాం.” పిల్లను తల్లికిచ్చి గున్వోర్ వైపు తిరిగింది. “నువ్వు మొదట పెట్టినవే ఉండుంటే, ఈ పిల్ల దక్కేది కాదు.”

“మరి ఆరోజే చెప్పొచ్చుగా నువ్వు?”

“ఆయన చెప్పాడుగా. విన్నావా?”

గున్వోర్‌కు మైబ్రిట్ చెంప పగలగొట్టాలనిపించింది. అంతకంటే తనదే పగలగొట్టుకోవాలనిపించింది.

“ఎక్కడుంటాడాయన?”

“రేవు దగ్గర వృద్ధాశ్రమంలో. పేరు అల్గోట్ అనుకుంటా.”

మర్నాడు సెలవు పెట్టి వెళ్ళింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. ఒక్కమాటా బాగోలేదు.

ఆశ్రమంలో ముసలివాళ్ళను చూసుకునే ఆవిడ, అల్గోట్ పేరు వినగానే తల అడ్డంగా ఊపింది.

“శుక్రవారం పోయారండీ. నిద్రలోనే. ఎనభై తొమ్మిదేళ్ళు. మీరు బంధువులా?”

“కాదు. నన్ను ఆయన... మా తోటలో మొక్కలు పీకేశాడు. నేను నానా మాటలూ అన్నాను.”

“ఏ వీధి మీది?”

“కొలిమి వీధి. పదకొండో నంబరు.”

ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది.

“అది ఆయన పాత ఇల్లండీ. ఆ వాకిట్లోనే తుఫాను టోపీ పూలు నమిలి చనిపోయిన మూడేళ్ళ పిల్ల తండ్రి ఆయన. అప్పట్లో ఆ మొక్కల్ని తెచ్చి నాటిందీ ఆయనే.”