చివరి వరస

మా దేదీప్య స్టేజి మీద పై స్థాయి అందుకునే క్షణాన, పక్కావిడ "రైతా అయిపోయిందా?" అని కేకేసింది.

నాకు ఒళ్ళు మండింది. పెద్ద ఆర్కెస్ట్రాలతో ఓపెరా పాడే పిల్ల, అమెరికాలో మా మోరిస్‌విల్ ఊరి తెలుగువాళ్ళు అడిగారని సినిమా పాటలూ పాడుతోంది. వీళ్ళేమో ఆ పాటల్ని భోజనాల వేళకి పెట్టి, బిర్యానీ ఎముకలు చీకుతున్నారు. నేను ప్లేటు పట్టుకుని క్యూలో ఇరుక్కున్నాను.

పాట అవగానే దేదీప్య నీళ్ళకోసం కిందికొచ్చింది.

"ఇంక చాలు, పోదాం పద. వినని వాళ్ళకెలా పాడతావే? గొంతు పోతే ఎవరిస్తారు?"

"అలవాటేలే అమ్మా."

"ఎవరు చేశారే ఆ అలవాటు?"

సీసా మూత బిగించింది. "స్కూల్లో పాడినప్పటినుంచి మొన్నటి ఓపెరా దాకా నువ్వు పార్కింగ్‌లో కార్లోనే కూర్చున్నావ్. తర్వాతొచ్చి, లాస్ట్ రోలో ఉన్నా, బాగా పాడావంటావ్. నేను ప్రతిసారీ లాస్ట్ రో చూస్తానమ్మా."

దాని గొంతు ఎక్కడ జీరపోతుందోనని నా భయం. అది వినలేకే కార్లో ఉండిపోయేదాన్ని.

పక్కావిడ ఇంకా ఎముక చీకుతూనే ఉంది. కనీసం ఆవిడ లోపల ఉంది.

రెండో పాటకి పిలిచారు. ప్లేటు పక్కన పెట్టి, కుర్చీ ఈడ్చుకెళ్ళి స్టేజికి ఎదురుగా కూర్చున్నాను. పై స్థాయి వస్తుంటే చేతులు చెవుల దాకా వెళ్ళాయి. వెనక్కి తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను.