ఒకే రక్తమే కదా

“చెప్తే విన్నావా అక్కా? ఆ నూనె వేపుళ్లు, రోజంతా మిషను ముందు కదలకుండా కూర్చోవడం. ఇప్పుడు అనుభవించు,” అంది చెల్లెలు, డాక్టరమ్మ గదిలో మోచేతి మడత గోక్కుంటూ.

అక్క దర్జీ. చెల్లెలు బడిలో ఆటల టీచరు, రివటలా ఉంటుంది. చూస్తే ఎవరూ నమ్మరు గానీ ఇద్దరూ కవలలు. వాళ్లమ్మ నలభై ఆరేళ్లకే గుండెపోటుతో పోయింది. వీళ్లకిప్పుడు అదే వయసు. అందుకే అక్కకి పరీక్ష చేయించాలని చెల్లెలు పట్టుబట్టింది. తనకి అక్కర్లేదట, గుండ్రాయిలా ఉందట. రోజంతా సూదితోనే బతికే అక్కకి ల్యాబు సూదంటే మాత్రం హడల్. మొన్న ఆ గండం ఎలాగో గట్టెక్కింది.

డాక్టరమ్మ రిపోర్టు మీంచి తలెత్తింది. “గుండెజబ్బు తెచ్చే జన్యువులు మీ అమ్మగారి నుంచి మీకొచ్చాయమ్మా.”

“మరి నాకు?” అంది చెల్లెలు.

“ఒకే పోలిక కవలలు కదా. మీ ఇద్దరికీ అవే.”

అమ్మ పోయి ఇన్నేళ్లయినా తమ ఒంట్లో అణువణువునా కూర్చునే ఉందన్నమాట. చెల్లెలికి ఒళ్లు గగుర్పొడిచింది. భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ.

“ఇంకొకటి, రక్తనాళాల్లో వాపు. నొప్పి ఉండదు, పైకి కనపడదు. నివురుగప్పిన నిప్పు. దాని జాడ రక్తంలో తెలుస్తుంది. ఈ అంకె చాలా ఎక్కువుంది. ఈమధ్య జ్వరం గానీ, దెబ్బలు గానీ?”

“లేవు,” అన్నారిద్దరూ ఒక్కసారే.

“అయితే గుండె గురించే ఆలోచించాలి. ఇవాళే మందులు మొదలెడదాం.”

“విన్నావుగా? రేపట్నుంచి నాతో పరుగుకి రా,” అంది చెల్లెలు.

అక్క నవ్వలేదు. “ఆ వాపు కూడా మా ఇద్దరికీ ఒకటేనా డాక్టరమ్మా? ఒకే రక్తమే కదా?”

“అదేనమ్మా వింత. ఇన్నేళ్లుగా చూస్తున్నా, నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఒకేలా పుట్టిన ఇద్దరిలో ఒకరికి రాజుకుంటుంది, ఇంకొకరికి రాజుకోదు. సన్నగా ఉన్నవాళ్లకి రాకూడదనీ లేదు. ఈ అంకె ఎవరు రక్తమిస్తే వాళ్లదే. నయం, ముందే తెలిసింది.”

గోక్కుంటున్న చెల్లెలి వేళ్లు ఆగిపోయాయి. అక్క ఆ చేతిని మెల్లగా తన ఒళ్లోకి తీసుకుంది.

“నాకు సూదంటే భయమని, ఆ రక్తమిచ్చింది నువ్వే కదే.”