మామ్మకూ వెలిగిన దీపం

నాలుగేళ్ల మేఖలకు మాటలు రావు. ఒంట్లో బాగోకపోతే గోడకేసి తల కొట్టుకుంటుంది. అందుకే ఇలాంటి పిల్లలున్న ప్రతి ఇంట్లోలాగే వాళ్లింట్లోనూ అంగన్‌వాడీ వాళ్లు గోడకు మాట్లాడే దీపం ఒకటి బిగించారు. పాప రాత్రి ఎంతసేపు పడుకుంది, చెవి ఎన్నిసార్లు రుద్దుకుంది, కాలు నిలుస్తోందా లేదా, అన్నీ చూసుకుని, తల కొట్టుకోబోయే ముందే అది పసుపుగా వెలుగుతుంది. వెంటనే తల్లి ఉదిత మిక్సీ ఆపేసి, దీపం ఆరేదాకా గోడకు దిండు అడ్డం పట్టుకుంటుంది.

ఆ రోజు పాప హాయిగా గరిటెలు వరసగా పేర్చుకుంటోంది. అయినా దీపం వెలిగింది. ఉదిత దిండుతో పరుగెత్తుకొచ్చింది. పాప తలెత్తనైనా లేదు. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి ఉదితకు ఒళ్లు మండింది.

"ఏమైంది నీకివాళ?" అని దీపాన్నే నిలదీసింది.

"పాప కాదండీ, మీ అత్తగారు శ్రావణిగారు," అంది దీపం. "పొద్దుట్నుంచి పదకొండుసార్లు నుదురు కొట్టుకున్నారు. పాపకి తోడుగా రాత్రంతా మేలుకునే ఉన్నారు కూడానూ."

పీట మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్న శ్రావణి మామ్మ నోరు తెరిచింది.

"పాలు పొంగిపోతే నా ఖర్మ అనుకోవడం కూడా జబ్బేనటే? విన్నావా ఉదితా!" అంటూ అలవాటు కొద్దీ చెయ్యెత్తి నుదుటికేసి కొట్టుకుంది.

దెబ్బ మెత్తగా తగిలింది.

మధ్యలో దిండు ఉంది. మేఖల దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, దీపం ఆరేదాకా వదల్లేదు.