డేరాలో పుట్టినవాడు

"సర్కస్ డేరాలో పుట్టానని చెప్పడం నావల్ల కాదండీ," అన్నాడు చిత్రకారుడు, వంకర తిరిగిన ఎడమ మణికట్టు రుద్దుకుంటూ.

"మీరేం చెప్పక్కర్లేదు. కేటలాగులో అచ్చయిపోయింది, పేపర్లో కూడా వచ్చేసింది," అంది గ్యాలరీ యజమానురాలు.

ఆమెకు మాత్రం సరదానా? ఆరేళ్లుగా ఈయన సర్కస్ బొమ్మలు గోడలకు వేలాడుతున్నాయి గానీ ఒక్కటీ గడప దాటలేదు. టికెట్టు కొనుక్కుని చూసినవాడి బొమ్మలని పోయినసారి పెద్ద విమర్శకుడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఈ సాయంత్రం ఆయనే మ్యూజియం తరఫున ఎంపికకు వస్తున్నాడు. ఒక్కటైనా తీసుకోకపోతే నెలాఖరుకి గ్యాలరీ మూతపడుతుంది, ఈయన మళ్లీ సైన్‌బోర్డులు రాసుకుంటాడు.

తండ్రి పోస్టాఫీసు గుమాస్తా అనీ, తను సర్కస్ మొహమే చూడలేదనీ చెప్పింది ఈయనే. ఆ మణికట్టు కూడా సైకిల్ మీంచి పడి విరిగిందట. అదయినా ఏనుగు తొక్కి విరిగి ఉంటే కేటలాగుకు పనికొచ్చేది. గుమాస్తా కొడుకు బొమ్మలు ఎవరిక్కావాలి? అందుకే ఆమె ఈయన్ని డేరాలో పుట్టించింది. సర్కస్‌లో పెంచిన మేష్టారు ఒకాయన కనబడితే నమ్మకం కుదురుతుందని, నాటకాల కంపెనీ నుంచి ఒక ముసలి నటుణ్ణి పురమాయించింది. మేష్టారనగానే చిత్రకారుడి మొహం పాలిపోయింది. పిరికి మనిషి అనుకుందామె.

విమర్శకుడు వచ్చాడు. ఊయలకు తలకిందులుగా వేలాడుతూ, ఎవరినో అందుకోవడానికి చేతులు చాచిన మనిషి బొమ్మ ముందు ఆగాడు. ఆ మనిషికి మొహం లేదు. ఏ బొమ్మలోనూ లేదు. అది ఆధునిక మానవుడి శూన్యమని విమర్శకుడు సెలవిచ్చాడు. వెంట వచ్చినవాళ్లు గంగిరెద్దుల్లా తలలూపారు.

అప్పుడొచ్చాడు ముసలాయన. వెలిసిపోయిన కోటు, వంగని నడుము. పేపర్లో చదివి వచ్చానని తలుపు దగ్గరే అందరికీ వినబడేలా చెప్పి, నేరుగా వెళ్లి చిత్రకారుడి ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎముక ఇంకా వంకరగానే ఉందిరా."

యజమానురాలు ఉలిక్కిపడింది. ఇది ఆమె రాసిచ్చిన మాట కాదు. నటులకు చనువిస్తే చంకెక్కుతారని ఊరికే అనరు.

"ఒక్కసారి పట్టు తప్పితే పారిపోతారా? జారవిడిచింది నేను, నువ్వు కాదు," అన్నాడు ముసలాయన. గోడల వైపు చూశాడు. "ఇన్ని గీశావు. నా మొహం ఎందుకు గీయలేదు?"

"గీసినప్పుడల్లా మీరు నావైపే చూసేవారు మేష్టారూ," అని చిత్రకారుడు ఆయన భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

విమర్శకుడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. శూన్యం మాట మళ్లీ ఎత్తలేదు. ఆ బతుకు బతికినవాడి చెయ్యి ఎక్కడున్నా తెలిసిపోతుందని చెప్పి, నాలుగు బొమ్మలు మ్యూజియానికి రాసుకున్నాడు.

అబద్ధమాడటమే రాదన్న మనిషి ఇంత నటుడా అని యజమానురాలు ముక్కున వేలేసుకుంది. నాటకాల కంపెనీకి రేపే ఫోన్ చేసి, మంచి మనిషిని పంపారని చెప్పాలనుకుంది. ఇంతలో వెనక నుంచి ఎవరో పిలిచారు. ఊడిపోతున్న పెట్టుడు మీసాన్ని వేలితో నొక్కి పట్టుకుని, గుమ్మంలో ఒకతను రొప్పుతూ నిలబడ్డాడు.

"మేష్టారి వేషం నాదేనండీ, బస్సు ఆలస్యమైంది."