చేతకానివాడి దరఖాస్తు

పేకముక్కల్ని కింద పడెయ్యడం నేర్చుకోవడానికి వెండెల్ ప్రూట్‌కు వారం రోజులు పట్టింది.

పందొమ్మిదేళ్లు కాసినో బల్ల వెనక నిలబడి ముక్కలు పంచిన చేతులవి. పడెయ్యమంటే మాట వినవు. అందుకే వంటింట్లో నిలబడి ఒక్కో ముక్కా జారవిడుస్తూ, "ఛీ, మళ్లీ ఎంత నీటుగా పడిందో చూడు" అని తనను తానే తిట్టుకునేవాడు. అరవై ఒకటో ఏట ఇంత శ్రద్ధగా చేతకానితనం నేర్చుకుంటున్న మనిషి నెవాడా రాష్ట్రం మొత్తమ్మీద తనొక్కడే అయ్యుంటాడని అతని అనుమానం.

"ఏమయ్యా, దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాసిచ్చేస్తే పోలా?" అంది భార్య లోరెట్టా, వాచిన మోకాలు ఎదుటి కుర్చీ మీద చాపుకుని.

"పోతుందే. ముందు రాబోయే కాసినో ఉద్యోగం పోతుంది. దాంతో వచ్చే బీమా పోతుంది. ఆ వెనకాలే నీ మోకాలి ఆపరేషనూ పోతుంది."

లోరెట్టా మోకాలు నిమురుకుంది. నొప్పి మాత్ర వేసుకుంది.

కాసినోలో ముక్కలు పంచాలంటే రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి. దరఖాస్తు పద్నాలుగు పేజీలు. వేలిముద్రలు, పాత ఇళ్లు, పాత అరెస్టులు, పాత పెళ్లిళ్లు, ఒకటని కాదు, అన్నీ కావాలి వాళ్లకు. పదకొండో ప్రశ్న దగ్గర వెండెల్ కలం ఆగిపోయింది. 'ఇంతకుముందు మరే రాష్ట్రంలోనైనా మీకు కాసినో లైసెన్సు ఉండేదా? దాన్ని ఎప్పుడైనా రద్దు చేశారా?'

ఉండేది. రద్దు చేశారు. పదిహేడేళ్ల కిందట తూర్పు తీరంలో అతని బల్ల మీది పందెం బిళ్లలు మాయమయ్యాయి. తను తియ్యలేదని నోరు నొప్పి పుట్టేలా చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. విచారణకు రమ్మని నోటీసు వచ్చేసరికి, మళ్లీ అందరి ముందూ తలవంచుకు నిలబడలేక, లోరెట్టానూ సామాన్నీ కారెక్కించుకుని ఊరు వదిలేశాడు. విచారణకు రాలేదని లైసెన్సు రద్దు చేశారు. ఇల్లు మారితే ఆ సంగతి అక్కడి లైసెన్సు బోర్డుకు తెలియజెయ్యాలని రూలు. వెండెల్ ఆరిళ్లు మారాడు, ఒక్కసారీ తెలియజెయ్యలేదు. తియ్యని దొంగతనానికి ఇంత బాగా పారిపోయినవాడు, నిజంగా తీసి ఉంటే ఇంకెంత పేరు తెచ్చుకునేవాడో అనుకునేవాడు అప్పుడప్పుడు. టైర్లు మార్చాడు, మోటెల్లో దుప్పట్లు ఉతికాడు, పరుపులు అమ్మాడు.

పదిహేడేళ్ల నాటి కాగితాలు ఈపాటికి ఎలకలు తినేసి ఉంటాయని లెక్కవేసుకున్నాడు. ప్రశ్న ఎదురుగా 'లేదు' అని రాశాడు. వృత్తి: పరుపుల అమ్మకం. అనుమానం రాకుండా, ముక్కలు పంచడం నేర్పే బడిలో కొత్తవాడిలా చేరాడు. అక్కడ మేష్టారు అతని వయసులో సగం ఉంటాడు.

"తాతా, నీ వేళ్లు మొద్దుబారిపోయాయి. హాయిగా తోటపని చూసుకోకూడదూ?" అన్నాడు ఆ మేష్టారు, జాలిపడి.

వెండెల్ తల ఊపాడు. ఆ రోజు కారులోనే కూర్చుని, అటూ ఇటూ చూసి, పేక తీసి పది నిమిషాలు కలుపుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆఖరికి అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు.

మిగిలింది ఇంటర్వ్యూ. లైసెన్సుల ఆఫీసులో ఇరిగోయెన్ మేడమ్ నెమ్మదైన మనిషి. కాఫీ ఇచ్చి, పరుపుల గురించి అడిగింది. వెండెల్ పరుపుల గురించి అరగంట చెప్పాడు. కాఫీ తాగేసి కప్పు పక్కకు జరిపాడు. జరిపి, రెండు చేతులూ ఒకసారి చప్పున తట్టి, అరచేతులు పైకి తిప్పి చూపించాడు.

ముక్కలు పంచి కాసినో బల్ల వదిలి వెళ్లే డీలరు, చేతిలో ఏమీ దాచలేదని పైనున్న కెమెరాకు అలాగే చూపిస్తాడు. పరుపుల కొట్లో కూడా వదలని జబ్బది.

ఇరిగోయెన్ పెదవి కొరుక్కుంది. "ఇదెక్కడ నేర్చుకున్నారు ప్రూట్ గారూ?"

"చర్చిలోనండీ," అన్నాడు వెండెల్. ఇంతకన్నా తెలివైన అబద్ధం దొరకనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏ చర్చో అది?"

"చిన్నదండీ... మూసేశారు."

ఆవిడ దరఖాస్తు అతని వైపు తిప్పింది. "పదకొండో ప్రశ్న ఇంకోసారి చదువుకోండి. పాత గొడవలుంటే చెప్పండి, మాట్లాడుకుందాం. ఎంతోమందికి ఇచ్చాం. కానీ ప్రమాణం చేసి అబద్ధం మీద సంతకం పెడితే మాత్రం నేనేమీ చెయ్యలేను. మార్చుకుంటారా?"

మెత్తగా మాట్లాడి నోట్లోంచి మాట లాగేవాళ్లను వెండెల్ బల్ల దగ్గర బోలెడుమందిని చూశాడు. లోరెట్టా మోకాలు గుర్తొచ్చింది. గుండె రాయి చేసుకున్నాడు.

"మార్చడానికేం లేదండీ."

"నిజంగానా?"

"నిజంగానే."

ఆవిడ నిట్టూర్చి ప్రమాణపత్రం ముందుకు తోసింది. వెండెల్ సంతకం పెట్టాడు. జన్మలో మొదటిసారి ఒక అబద్ధం తడబడకుండా ఆడానని లోలోపల పొంగిపోయాడు కూడా.

అప్పుడు ఇరిగోయెన్ ఫైల్లోంచి ఒక ఉత్తరం తీసింది.

"మీ వేలిముద్రలు పంపితే, ఇది మీ పాత రాష్ట్రం నుంచి పోయిన వారం వచ్చింది. సంతకానికి ముందు చూపించే వీల్లేదు. ఆ బిళ్లలు తీసింది మీ సూపర్‌వైజరట. మీరు ఊరొదిలిన నాలుగో నెల్లోనే ఒప్పుకున్నాడు. రద్దు ఎత్తేశారు. క్షమించమని మీకు మూడు ఉత్తరాలు రాశారు. ఆ చిరునామాలో మీరు లేరని మూడూ తిరిగొచ్చాయి."

వెండెల్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. "అంటే... నా మీద ఏ మచ్చా లేదా?"

"ఇందాకటి దాకా లేదు," అంది ఆవిడ, తడి ఆరని సంతకం వైపు చూస్తూ.