లేవని పలక

ఉప్పల్ నల్ల చెరువులో, మెడలోతు నీళ్లలో, మనిషి నిలబడేంత పలకను పట్టుకుని నిలబడ్డాను. దాని అడుగున నిలువు కడ్డీ, కడ్డీ చివర అల్యూమినియం రెక్క. మోటారు పడవ లాగుతుంటే ఆ రెక్క పలకను నీటి మీదికి లేపాలి. నాచారం ఫ్యాక్టరీలో డ్యూటీ దిగాక, దయాకర్ అన్న దీన్ని ఏడాది పాటు కూర్చుని చేశాడు.

“ఎక్కు చెల్లే. బువ్వకు బదులు బుక్కులు తిని బతికేటిదానివి, నీకంటే అల్కగ ఎవరుంటరు?” పడవలోంచి నవ్వాడు. “ఇయ్యాల లేసిందనుకో, రేపే నౌకరీకి రాజీనామా. గోవ పోయి ఇసొంటియే చేసుకుంట బతుకుత. ముందుగాల ఒక్కన్నే పోత.”

వదినకు ఎనిమిదో నెల. పొద్దున నాకు జడ వేస్తూ, “అది లేవద్దని మొక్కుకున్న” అంది.

అన్న ముందుకు చూస్తూ పడవ నడిపాడు. పడవ వెనక కట్టిన తాడు నా చేతిలో బిగిసింది. పలక మీద లేచి నిలబడ్డాను. ఉన్నట్టుండి కాళ్ల కింద నీటి చప్పుడు ఆగిపోయింది. పలక మూరెడు ఎత్తున గాల్లో ఉంది. అంత హాయి నేనెప్పుడూ ఎరగను.

చేతిలోని తాడు వదిలేశాను.

పడవ తిరిగి వచ్చేసరికి నీళ్లు మింగి దగ్గుతున్నాను.

“లేవలేదన్నా,” అన్నాను.

అన్న నన్ను పడవలోకి లాగాడు.

“పలక లేస్తే పడవకు బరువు తగ్గుతది చెల్లే. ఇంజన్ గొంతు మారుతది. నాకు ఇనవడ్డది.”

నేను తలెత్తలేకపోయాను.

“వదినకు గూడ గట్లనే జెప్పు, లేవలేదని,” అన్నాడు. “రేపు నాకు పొద్దటి షిఫ్టు.”