ఆదివారం నట్టు

కార్లు తమ దెబ్బలు తామే మాన్పుకోవడం మొదలై ఇరవై ఏళ్లయింది. ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు ఎప్పుడో మూసేసిన కోటిలింగం మాత్రం ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన మోటారుకు, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. లోపల ఎక్కడో రేకు మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు.

"సామ్రాజ్యం! ఇవాళ కూడా గలగలమంటందే!" అని భార్యను కేకేశాడు.

వదులైన నట్టు వెతికి బిగించి, గ్రీజు చేతులతోనే టీ తాగి, అరుగు మీద హాయిగా నిద్రపోయాడు.

సామ్రాజ్యం వచ్చి బానెట్ దించింది.

"వచ్చే వారం రెండు నట్లు వదులు చెయ్యనా అమ్మా?" అని కారు మెల్లగా అడిగింది.

"ఒకటి చాల్లే తల్లీ. కాస్త పైనే చెయ్యి. ఆయన వంగలేకపోతన్నాడు."